ఇసుక రేణువు చెప్పేదేమిటి? మనం చెప్పించేదేమిటి?

ఖరగ్‌పూర్ నుంచి మిడ్నాపూర్ వెళ్ళే రైలు కాసాయి నది వంతెన దాటుతుంటే ఎప్పుడైనా కిందికి చూశారా? రైల్వే కొలువుల కోసం తరాల క్రితమే అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఆ ఇసుక తిన్నెలు పరిచయమే. అది ఛోటానాగపూర్ పీఠభూమి రాళ్ళు అరిగి వచ్చిన ఇసుక. గంగ మోసుకొచ్చేది హిమాలయాల పొడి. చివరికి రెండూ చేరేది బంగాళాఖాతానికే.

ఆ సముద్రం అడుగున విసనకర్రలా పరుచుకున్న ఒండ్రును 1987లో ఒక అంతర్జాతీయ పరిశోధక నౌక శ్రీలంకకు దక్షిణాన తవ్వి తీసింది. అందులోని అభ్రకం, ఫెల్డ్‌స్పార్ రేణువులను పరీక్షించి కోప్‌లండ్, హారిసన్ 1990లో ఒక వ్యాసం ప్రచురించారు. హిమాలయాలు విడతలు విడతలుగా వేగంగా పైకి లేచాయని దాని శీర్షికే చాటింది.

వారి పద్ధతి చక్కనిది. పొటాషియం-40లో కొంత భాగం క్షీణించి ఆర్గాన్ అవుతుంది. రాయి బాగా వేడిగా ఉన్నంతకాలం ఆ వాయువు తప్పించుకుపోతుంది. అభ్రకం సుమారు 350-400 డిగ్రీల సెల్సియస్ కన్నా చల్లబడితే లోపలే నిలుస్తుంది. కనుక ఆర్గాన్ లెక్క కడితే రేణువు ఎప్పుడు చల్లబడిందో తెలుస్తుంది. చల్లబడిన కాలానికీ సముద్రంలో పడిన కాలానికీ తేడా తక్కువైతే, దాని పైనున్న రాయి త్వరగా తొలగిపోయిందన్నమాట. ఉదాహరణకు 10 కిలోమీటర్ల లోతు నుంచి 30 లక్షల ఏళ్ళలో బయటపడితే, వేగం ఏడాదికి 3 మిల్లీమీటర్ల పైమాటే.

ఇంతవరకు పేచీ లేదు. చిక్కు 'పైకి లేచాయి' అన్న మాటతోనే. రేణువు కొలిచింది రాతిపొర ఎంత వేగంగా తొలగిందన్నది మాత్రమే. సముద్రమట్టం నుంచి పర్వతం ఎత్తు ఎంత పెరిగిందో దానికి తెలియదు. ఈ తేడాను ఇంగ్లండ్, మోల్నార్ అదే 1990లో ఎత్తిచూపారు. భూపటలం తన కింది బరువైన రాతిపై తేలుతోంది. పైనుంచి 6 కిలోమీటర్ల రాయి కోసుకుపోతే, కింది నుంచి సుమారు 5 కిలోమీటర్లు తేలి వస్తుంది. రాళ్ళు పైకి వచ్చినా సగటు ఎత్తు 1 కిలోమీటరు తగ్గుతుంది! లోయలు మాత్రమే లోతుగా కోసుకుపోతే శిఖరాలు పెరగనూవచ్చు.

మరి కోతను పెంచింది పర్వతమా, వర్షమా? హిమాలయాలు లేచి రుతుపవనాలను బలపరిచాయా? బలపడిన వానలే కొండలను కోశాయా? రేణువు వయసు ఒక్కటే ఈ తగవు తీర్చలేదు.

అయినా ఈ వ్యాసం విలువ తగ్గదు. మాయమైన కొండల చరిత్ర సముద్రపు బురదలో భద్రంగా ఉందని అది చూపింది. శీర్షికలో 'లేవడం' బదులు 'కోత' అని ఉంటే సరిపోయేది. ఇకపై ఇలాంటి వార్త చదివినప్పుడు మీరు రెండు ప్రశ్నలు వేయండి: ఈ రేణువు ఏ కొండది? అది నిజంగా కొలిచింది దేన్ని?