మూడో నియమంలో కారు పట్టిక

పన్ను నియమాల్లో పనితనం వెతికేవాళ్లు తక్కువ. 1962 నాటి ఆదాయపు పన్ను నియమాల్లో మూడో నియమం, రెండో ఉపనియమం మాత్రం ఎప్పుడు చదివినా నాకు ముచ్చటేస్తుంది. కంపెనీ ఇచ్చిన కారుకీ, పోయించిన పెట్రోలుకీ ఉద్యోగి జీతంలో ఎంత విలువ కట్టాలో చెప్పే పట్టిక అది. ఫ్రింజ్ బెనిఫిట్ పన్ను ఎత్తేశాక 2009లో దానికి వచ్చిన అంకెలతోనే ఇక్కడ చెబుతున్నాను.

ఒకే కారు పొద్దున క్లయింటు ఆఫీసుకి వెళుతుంది, సాయంత్రం పిల్లల్ని ట్యూషన్ నుంచి తీసుకొస్తుంది. ఏ లీటరు పెట్రోలు ఆఫీసుది, ఏది ఇంటిది? పట్టిక రాసినవాళ్లు ఆ కొలత జోలికి పోలేదు. కారు ఎవరిది, ఖర్చు ఎవరిది, వాడకం దేనికి, ఇంజను 1.6 లీటర్లు దాటిందా, డ్రైవరున్నాడా అని అడిగి ఊరుకున్నారు. పేరోల్ గుమస్తా కాగితాలు తిరగేసి జవాబు చెప్పగల ప్రశ్నలే అన్నీ.

కారూ ఖర్చూ కంపెనీవే, వాడకం రెండు రకాలూ అనుకుందాం. చిన్న ఇంజనుకి నెలకు 1,800 రూపాయలు, పెద్దదానికి 2,400, డ్రైవరుంటే మరో 900 జీతానికి కలుస్తాయి. సొంత తిరుగుడు ఖర్చు ఉద్యోగే పెట్టుకుంటే 1,800 కాస్తా 600 అవుతుంది, 2,400 కాస్తా 900.

అసలు నేర్పు తర్వాతి వరుసలో ఉంది. కారు ఉద్యోగిది, బిల్లులు కట్టేది కంపెనీ. అక్కడా అదే 1,800, అదే 2,400. ఈసారి కలపడానికి కాదు, తీసేయడానికి. చిన్న కారుకి నెలకు 10,000 బిల్లు కట్టారంటే 1,800 ఆఫీసు పనికింద పోయి, 8,200 పన్నులోకి వస్తుంది. కంపెనీ కారులో సొంత వాడకానికి విలువ కట్టిన అంకెతోనే సొంత కారులో ఆఫీసు వాడకానికీ విలువ కట్టేశారు! ఆఫీసు పని అంతకు మించి ఉంటే దారి మూసేయలేదు. తేదీ, వెళ్లిన చోటు, కిలోమీటర్లు, ఖర్చు నమోదు చేసిన లాగ్‌బుక్కూ, యజమాని ధ్రువపత్రమూ ఉంటే ఆ మేరకు మినహాయింపు పెరుగుతుంది. లెక్క రాసినవాడికి అసలు ఖర్చు, రాయనివాడికి గంపగుత్త.

కంపెనీ బండిలో ఇంటి నుంచి ఆఫీసుకు వెళ్లిరావడం ప్రయోజనం కిందికే రాదు, ఆ మాట 1961 చట్టంలోనే ఉంది. కారు అలవెన్స్ అని నెలనెలా నగదు ఇస్తే మాత్రం పట్టిక ఊసే లేదు. డ్యూటీ మీద తిరగడానికి ఇచ్చి, నిజంగా అందుకే ఖర్చయినంత పోగా మిగిలిందంతా జీతమే.

రెండు కార్లిచ్చే కంపెనీల సంగతీ మరిచిపోలేదు. ఆఫీసుకీ ఇంటికీ కలిపి వాడుకునే కార్లు ఒకటికి మించితే గంపగుత్త ఒక్కదానికే; మిగతావి పూర్తిగా సొంతానికి వాడినట్టే లెక్క.

ఈ పట్టికలో నాకు నచ్చనివీ ఉన్నాయి. ఎలక్ట్రిక్ కారుకి అందులో వరుస లేదు. ఇంజను చిన్నదైతే చాలు, ఖరీదైన కారూ చవక కారూ ఒకే గడిలో పడతాయి. పైగా ధరలు పెరుగుతున్నా అంకెల్ని ఏళ్ల తరబడి కదపలేదు. కంపెనీ 12 లక్షలకు కొన్న చిన్న ఇంజను కారు, నెలకు డ్రైవరుకి 15,000, పెట్రోలుకి 8,000 అనుకోండి. పూర్తిగా సొంతానికి వాడితే కారు ధరలో 10 శాతం అరుగుదలతో కలిపి ఏడాదికి 3,96,000 జీతంలో చేరుతుంది. కాస్త ఆఫీసు పనికీ వాడితే చేరేది 32,400.