పాదాలు చూస్తే తాళం దొరుకుతుంది

జానపద నృత్యోత్సవంలో ఎవరి చూపైనా ముందు దుస్తుల మీదికే పోతుంది. కుట్టుపని చేసిన చొక్కాలు, ఎర్రటి నడికట్లు, కుచ్చుల పావడాలు. చూడదగ్గవే. నేను మాత్రం కొన్నేళ్లుగా పాదాలు చూస్తూ, తొడ మీద తాళం వేసుకుంటూ కూర్చుంటున్నాను. అప్పటి నుంచీ పరాయి దేశాల ఆటలు నాకు పరాయిగా అనిపించడం మానేశాయి.

మేముండే అమెరికా పట్టణంలో ఏటా వేసవిలో పార్కులో వేదిక కడతారు. ఫిలిప్పీన్స్ వాళ్లు వెదురు బొంగుల మధ్య గెంతుతూ తినిక్లింగ్ ఆడతారు. దాన్ని పోలిన చెరావ్ మన మిజోరంలోనూ ఉంది. దక్షిణాఫ్రికా బంగారు గనుల్లో కార్మికులు రబ్బరు బూట్లు చరుస్తూ పుట్టించిన గంబూట్ ఆటా చూడొచ్చు. ఇవన్నీ ఇష్టమే కానీ, బల్గేరియా వాళ్లు వేదిక ఎక్కితే ఇక నేను ఎవరితోనూ మాట కలపను.

వాళ్ల రాచెనిత్సా 7 మాత్రల ఆట: రెండు, రెండు, మూడు. సరి లెక్కకు అలవాటు పడిన ప్రేక్షకుల చప్పట్లు అక్కడ తడబడతాయి. మన చేతికి ఆ ఇబ్బంది లేదు. మిశ్ర చాపులోని ‘తకిట తకధిమి’ని తిరగేసి ‘తకధిమి తకిట’ అనుకుంటే చాలు. కర్ణాటక సంగీతంలో అది విలోమ చాపు. శ్యామశాస్త్రి పూర్వీకల్యాణి కృతి నడిచేది అందులోనే. ఆయనది నింపాది నడక, వీళ్లది పరుగు. ఏడూ విడిగా లెక్కపెట్టే వ్యవధే ఉండదు. పొట్టి, పొట్టి, పొడుగు అని మూడు అడుగులుగానే ఒంటికి అందుతుంది. పైదుష్కో అయితే 5 మాత్రలు, ‘తక తకిట’, అచ్చంగా మన ఖండ చాపే. సోఫియా చుట్టుపక్కల ఆడే కోపనిత్సా 11: రెండు, రెండు, మూడు, రెండు, రెండు. హంగరీ స్వరకర్త బేలా బార్టోక్ ఈ లెక్కలకు ముగ్ధుడై, 1939లో ముగించిన పియానో సంపుటాలు ‘మైక్రోకాస్మోస్’ చివర ఆరు నాట్యాలను బల్గేరియన్ లయలోనే కూర్చాడు.

ఈ లెక్కంతా తుపన్ అనే పెద్ద డోలు చెబుతుంది. ఒక వైపు లావు కర్రతో గట్టి దెబ్బ, రెండో వైపు సన్నపుల్లతో చిటపటలు. డప్పు మీద సిర్ర, చిటికెన పుల్ల పని పంచుకోవడం చూసినవాళ్లకు ఆ రెండు చేతులూ ఇట్టే అర్థమవుతాయి.

వేదిక మీది ప్రదర్శన అంతా ఒక్కటిగా కదిలే వరసలు. 1951లో ఫిలిప్ కుతెవ్ స్థాపించిన ప్రభుత్వ బృందం లాంటివి పల్లె ఆటను రంగస్థలానికి అలా తీర్చాయి. ఆ నైపుణ్యానికి దణ్ణం పెడతాను. కానీ హోరో అనే ఈ వరస ఆటకు అసలు ఉనికి నేల మీదే అని నా నమ్మకం. కార్యక్రమం అయ్యాక వాళ్లు గడ్డిలోకి దిగి చేతులు పట్టుకుంటారు. ముందు నడిపించేవాడు ఒకడు, వెనక తెరిచి ఉన్న వరస. ఆ ముందువాడి ముందుకు వెళ్లి చేరకూడదు, అది మర్యాద కాదు. తోక దగ్గరికి వెళ్లి చేయి అందించండి. పక్క మనిషి పాదాలు చూడండి, లావు కర్ర ఎప్పుడు పడుతోందో వినండి. మొదటి రెండు చుట్లు అడుగు కలవకపోయినా ఎవరూ చేయి వదలరు.