ఫ్రిష్ పతకము – ఒక బస్సుల డిపో

అర్థశాస్త్రజ్ఞులకు లభించు గౌరవములలో పెక్కు జీవితకాలపు కృషికి ఈయబడునవి. ఒక్క వ్యాసమును చేతబట్టుకొని దాని మంచిచెడ్డలను తేల్చు పురస్కారములు కొద్ది. ఎకనామెట్రిక్ సొసైటీవారు 1978 నుండి రెండేండ్లకొకసారి ఇచ్చుచున్న ఫ్రిష్ పతకము అట్టిది. 1969లో అర్థశాస్త్రమునకు తొలి నోబెల్ బహుమానమును టింబర్గెన్‌తో కలసి పొందిన నార్వే పండితుడు రాగ్నర్ ఫ్రిష్ పేర ఇది వెలసినది. సొసైటీవారి పత్రికయగు ‘ఎకనామెట్రికా’లో గడచిన 5 ఏండ్లలో వెలువడిన అనువర్తిత వ్యాసమై యుండవలెననునది నియమము. పతకపు మేలును, లోపమును ఈ నియమములోనే కలవు. 1992లో పతకము పొందిన వ్యాసమును పరిశీలించినచో రెండును తెలియగలవు.

ఆ వ్యాసమును జాన్ రస్ట్ 1987లో ప్రకటించెను. విషయము బస్సు ఇంజన్లు. అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రమునందలి మాడిసన్ నగర బస్సు సంస్థలో హెరాల్డ్ జుర్చర్ అనునతడు మరమ్మతుల పర్యవేక్షకుడు. పాత ఇంజనునే బాగుచేయించుచు నడుపుటయా, తీసివేసి వేరొకటి బిగించుటయా యని ప్రతి బస్సును గూర్చియు అతడు తేల్చుకొనవలసి యుండెను. తొందరపడి మార్చినచో పెద్ద ఖర్చు. ఆలసించినచో మరమ్మతులు పెరుగును. బండి నడిదారిలో నిలిచిపోవును. ప్రయాణికులకు విసుగు, సంస్థకు చెడ్డపేరు. రస్ట్ తన వ్యాసపు శీర్షికలోనే ఈ పర్యవేక్షకుని పేరు చేర్చెను. పండితుల పత్రికలో డిపో మనిషి పేరు శీర్షికకెక్కుట మిక్కిలి అరుదు.

రస్ట్ చేతనున్న ఆధారము నెలనెలా బస్సులు తిరిగిన మైళ్ల లెక్క, ఇంజన్లు మార్చిన కాలము. వీనినుండి జుర్చర్ మనసులోని లెక్కను వెనుకకు రాబట్టుటయే వ్యాసపు పని. మైళ్లు పెరిగినకొలది మరమ్మతు ఖర్చు ఎంత పెరుగునని అతడు భావించెనో, మార్పిడి ఖర్చు దానికెన్ని రెట్లని తలచెనో రస్ట్ అంచనా కట్టెను. అటుపై ఇంజను ఖరీదు హెచ్చినను తగ్గినను సంస్థకు ఎన్ని ఇంజన్లు కావలసియుండునో చూపెను. ఖరీదు అంతగా మారని కాలపు లెక్కలను పట్టుకొని, మారినచో ఏమగునో చెప్పుట మామూలు పద్ధతులకు అలవికాని పని. ఒక్క మనిషి నిర్ణయములనుండి గిరాకీ రేఖను తీయుట ఈ వ్యాసపు ఘనత. పతకము ఇందుకు తగినదే.

అయినను వ్యాసమంతయు ఒక ఊహపై నిలిచినది. జుర్చర్ రాబోవు ఖర్చులన్నింటిని తూచి, తనకు తెలిసినంతలో మేలైనదే చేయుచున్నాడనునదే ఆ ఊహ. రేపటి ఖర్చునకు అతడిచ్చు విలువ ఇంతయని లెక్కలనుండి సూటిగా తేలలేదు. కనుక రస్ట్ దానిని ముందే నిర్ణయించి, దూరదృష్టి గలవానిగా ఒకసారి, నేటి ఖర్చు మాత్రమే చూచువానిగా మరొకసారి అతనిని భావించి ఫలితములను పోల్చెను. మొదటిదే లెక్కలకు ఎక్కువగా కుదిరినది. కాని ఆ నిర్ణయములు సంస్థకు నిజముగా లాభకరములా కావా యను ప్రశ్నకు ఇందు సమాధానము లేదు. లాభకరములని ముందే ఒప్పుకొనుటతో పని మొదలైనది గదా! హోసూరులోనో బళ్లారిలోనో నాలుగు లారీలు నడుపు తెలుగు యజమానికి ఈ వ్యాసమును విడమరచి చెప్పినచో, తన లెక్కనే తనకు అప్పగించినందుకు నవ్వుకొని, “ఇంతకూ ఇంజను ఎప్పుడు మార్చమందురు?” అని అడుగును.

అనువర్తిత వ్యాసమై యుండవలెనను షరతే లేకున్న ఈ బస్సుల డిపో పండితసభకు ఎక్కియుండునా యనుట సందేహము. అంతవరకు నియమము మంచిది. ఒకే పత్రిక, 5 ఏండ్ల గడువు అనునవి మాత్రము ఇరుకైనవి. పాత కార్ల బేరమును గూర్చి జార్జి అకెర్లాఫ్ వ్రాసిన వ్యాసమును మూడు పత్రికలు త్రిప్పిపంపగా, 1970లో నాలుగవది ప్రచురించెను. 2001లో అతనికి నోబెల్ లభించినది. ఫ్రిష్ పతకము అప్పటికే యున్నను, ప్రచురించినది వేరొక పత్రిక గనుక ఆ వ్యాసము అర్హము కాకపోయెడిది. వ్యాపార సంస్థలు అసలెందుకు ఏర్పడునని ప్రశ్నించిన రోనాల్డ్ కోస్ వ్యాసము 1937 నాటిది. అతనికి నోబెల్ వచ్చుసరికి 1991.

నేటి కర్ణాటకలోని హడగలిలో 1920లో ఒక తెలుగు కుటుంబమున జన్మించిన కల్యంపూడి రాధాకృష్ణారావుగారి వ్యాసము ఇంతకన్న ఎక్కువ కాలము వేచియున్నది. ఏ అంచనాయైనను ఎంతవరకు కచ్చితము కాగలదో, దానికి దాటరాని హద్దేదో చూపుచు ఆయన 1945లో కలకత్తా గణితసంఘపు పత్రికలో వ్రాసిరి. జుర్చర్ మనసులోని లెక్కకు రస్ట్ కట్టిన అంచనాలలో పొరపాటు ఎంతయుండవచ్చునో తూచుటకు మూలమైనది ఆ సిద్ధాంతమే. దానిని పేర్కొనుచు అంతర్జాతీయ గణాంకశాస్త్ర బహుమానమును 2023లో ఇచ్చిరి. అప్పటికి వ్యాసమునకు 78 ఏండ్లు, వ్రాసినవారికి 102. ఆ యేడు ఆగస్టులోనే రావుగారు కాలధర్మము నొందిరి.