ఇనుము కథలో ఎవరి జీవితం?

ఆర్థర్ రైస్ట్రిక్ 1953లో ప్రచురించిన డార్బీ వంశ చరిత్రను వేములవాడలో కూచుని చదివాను. ఇంగ్లండులోని కోల్‌బ్రూక్‌డేల్ ఇనుప కొలిమి యజమానుల కథ అది. రచయిత స్వయంగా క్వేకరు. మొదటి ప్రపంచయుద్ధంలో సైన్యంలో చేరనని జైలుకు వెళ్ళినవాడు. కనుక ఆయన సానుభూతిని నేను తేలిగ్గా తీసుకోను.

1709లో మొదటి అబ్రహాం డార్బీ కట్టెబొగ్గుకు బదులు కోకుతో ఇనుపరాయిని కరిగించాడు. అంతకు రెండేళ్ళ ముందే ఇసుక అచ్చుల్లో ఇనుప కుండలు పోసే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. విశ్వవిద్యాలయాలూ ప్రభుత్వోద్యోగాలూ మూసుకుపోయిన ఆ మతస్థులకు వర్తకమే దారి అయింది. ఆయుధం పట్టరాదన్నది వాళ్ళ నియమం. అయినా 1740లలో ఆ కంపెనీ ఫిరంగులు పోసింది. జీవితచరిత్రలు తడబడేది ఇక్కడే. నియమం గెలిచిందా, లాభం గెలిచిందా అని యజమాని అంతరాత్మను తవ్వుతాయి. అసలు ప్రశ్నే తప్పని నా అభిప్రాయం. కొలిమి రాజుకున్నాక దానికి కావలసింది ఖనిజం, బొగ్గు, కూలీ, కొనేవాడు. దొర మంచితనం ఆ లెక్కలో ఒక పద్దు మాత్రమే.

ఇంత అన్నాక మనవైపు చూసుకుంటే నోరు పెగలదు. మెట్‌పల్లి అవతల కోనసముద్రంలో మూసల్లో ఉక్కు తీసేవారు. 1820 ప్రాంతంలో సర్వే శాఖ భూగర్భ శాస్త్రజ్ఞుడు వాయ్‌సీ ఆ పని కళ్ళారా చూశాడు. అతను చనిపోయాక 1832లో ఆ వ్యాసం కలకత్తా ఆసియాటిక్ సొసైటీ పత్రికలో అచ్చయింది. ఇస్ఫహాన్ నుంచి వచ్చి ఉక్కు కొనుక్కుపోయే హాజీ హుస్సేన్ పేరు అందులో ఉంది. తిత్తి ఊదినవాడి పేరు లేదు. తూకం దగ్గర నిలబడ్డవాడే చరిత్రకెక్కాడు!

వాయ్‌సీని తప్పుపట్టడం సులువు. మనమేం చేశాం? మాకు దగ్గరలోని కురిక్యాల గుట్ట మీద, పంపకవి తమ్ముడు జినవల్లభుడు పదో శతాబ్దిలో వేయించిన శాసనంలో తెలుగు కందపద్యాలున్నాయి. వాటి గణాల మీద, భాష మీద గంటలు గడుపుతాం. ఆ రాతిని తొలిచిన ఉలికి పదును పెట్టినవాడి ఊసు నేనూ ఏనాడూ ఎత్తలేదు. మన కథల్లోనూ కమ్మరి నాగలి కర్రు సాగగొట్టి పక్కకు తప్పుకునే పాత్రే. రాయిని చూసి ఖనిజం పోల్చినవాడుగా, మూసకు మన్ను కలిపినవాడుగా, ధర దగ్గర ఓడిపోయినవాడుగా రాడు.

పేర్లే దొరకనప్పుడు ఏం రాస్తామంటారు కొందరు మిత్రులు. డార్బీలకు ఖాతా పుస్తకాలున్నాయి, నిజమే. కమ్మరులకు చిట్టెం కుప్పలున్నాయి, మమ్మాయి గుళ్ళున్నాయి. 2010లో బెంగుళూరు, ఎక్సెటర్ పరిశోధకులు ఉత్తర తెలంగాణ ఊళ్ళు తిరిగి ఇనుము తీసిన జాడలను నమోదు చేశారు. ఆ ఊళ్ళు కొన్ని ఇక్కడికి బస్సు దూరంలోనే ఉన్నాయి.