తిప్పి పంపిన లారీ
స్లాబ్ వేసే రోజు సైటులో అందరికీ తొందరే. "కాస్త నీళ్లు కొట్టండి సార్, మాలు జారట్లేదు" అంటాడు మేస్త్రీ. ఆ మాటకు లొంగని ఇంజనీరంటే నాకు గౌరవం. 30 సెంటీమీటర్ల స్లంప్ కోన్‌లో పొరకు 25 పోట్లు పొడిపించి, కోన్ నిటారుగా ఎత్తి, మాలు ఎంత కుంగిందో కొలుస్తాడు. మరీ కుంగితే కాంక్రీటు తెచ్చిన లారీ వెనక్కే, ఓనరు ముఖం ఎలా పెట్టుకున్నా సరే! ఎక్కువైన నీరు ఆవిరైపోయి కాంక్రీటులో సన్నని రంధ్రాలు మిగులుస్తుంది. ఇనుముకు తుప్పు చేరేది ఆ దారినే. ఆ ఇంజనీరే కాంక్రీటు బలం చూడడానికి 150 మిల్లీమీటర్ల క్యూబులు పోయించి, తేదీ రాసి, నీళ్లలో నానబెట్టి, 28వ రోజున మెషీన్‌లో పగలగొట్టిస్తాడు. క్యూబులకు మాత్రం మంచి మాలు ఏరి పోసే ఘనులూ ఉన్నారనుకోండి! ఇల్లు కట్టిస్తుంటే ఆ క్యూబుల పరీక్ష రిపోర్టు అడిగి చూడండి, క్యూబులు పోసేటప్పుడు పక్కనే నిలబడండి.