మర్యాదకు పాఠం చాలునా? కౌమార దశలో సభ్యతా బోధన – తెలుగు సాహిత్య సాక్ష్యం

వ్యాససంగ్రహం

పన్నెండు నుంచి పదిహేనేళ్ళ వయసు పిల్లలకు మర్యాదలను ప్రత్యేక తరగతులుగా బోధించడం ప్రయోజనకరమా అన్న ప్రశ్నను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. శతకాల ఉపదేశం, నీతిచంద్రికలో విష్ణుశర్మ కథాబోధన, కన్యాశుల్కంలో గిరీశం శిష్యరికం అనే మూడు నమూనాలను పోల్చి, దిద్దుబాటు కథలోని ఒక ఘట్టాన్ని గీటురాయిగా తీసుకుంటుంది. సభ్యతను తరగతిలో నేర్పవచ్చుననీ, తొలితరం విద్యార్థికి అది న్యాయంగా అందవలసిన జ్ఞానమనీ, అయితే తనకంటె తక్కువ స్థాయిలో ఉన్నవారి పట్ల మన్ననను నేర్పని తరగతి అసంపూర్ణమనీ ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: మర్యాద, సభ్యత, మన్నన, కౌమారం, శతకం, నీతిచంద్రిక, కన్యాశుల్కం, దిద్దుబాటు.

1. ఉపోద్ఘాతం

వ్యక్తిత్వ వికాసం, సాఫ్ట్ స్కిల్స్, ఎటికెట్, గ్రూమింగ్ వంటి పేర్లతో పాఠశాలల్లోనూ వేసవి శిబిరాల్లోనూ మర్యాదల తరగతులు నడుస్తున్నాయి. పలకరింపు, కరచాలనం, బల్ల దగ్గర చెంచా, ఫోర్కు పట్టే తీరు, ఫోన్‌లో మాట్లాడే పద్ధతి, కృతజ్ఞత చెప్పడం, క్షమాపణ కోరడం ఇందులోని సాధారణ పాఠ్యాంశాలు. మర్యాద ఇంట్లో అబ్బవలసిందే తప్ప రుసుము చెల్లించి నేర్చుకునేది కాదని కొందరంటారు. ఇంట్లో తీరిక లేని కాలంలో ఎవరో ఒకరు నేర్పాలి కదా అని మరికొందరంటారు. ఈ రెండు వాదాలూ ఎవరు నేర్పాలన్న దగ్గరే ఆగిపోతున్నాయి. ఏం నేర్పుతున్నాం, ఎవరి పట్ల నడుచుకోవడానికి నేర్పుతున్నాం అన్నవి అంతకంటె మౌలికమైన ప్రశ్నలు. పిల్లలకు నడవడి నేర్పే సన్నివేశాలు తెలుగు సాహిత్యంలో కొరవడలేదు గనుక ఈ ప్రశ్నలకు అక్కడ సమాధానం వెతకవచ్చు.

2. మూడు మాటలు, మూడు అర్థాలు

చర్చలో తరచు కలిసిపోయే మూడు మాటలను ముందుగా విడదీసి చూడాలి. ‘మర్యాద’ అనే సంస్కృత పదానికి హద్దు, ఎల్ల అని మూలార్థం. ఎవరు ఎంతవరకు రావచ్చో, ఎక్కడ ఆగాలో చెప్పేది మర్యాద. ‘సభ్యత’ సభకు తగిన నడవడి. నలుగురిలో ఎలా కనిపించాలన్నది దాని విషయం. ‘మన్నన’ వీటికి భిన్నమైనది. ‘మన్నించు’ అనే క్రియకు గౌరవించడం, క్షమించడం అనే రెండర్థాలూ ఉన్నాయి. ఎదుటివారి పొరపాటును సహించగలగడం కూడా వారిని గౌరవించడమేనన్న భావం ఈ ఒక్క మాటలో ఇమిడి ఉంది.

ఐరోపాలో బాలుర నడవడిపై ఎరాస్మస్ లాటిన్‌లో రాసిన చిన్న గ్రంథం 1530లో వెలువడింది. దాన్ని ఆయన ఒక రాజవంశపు బాలునికి అంకితమిచ్చాడు. చీదడం, కూర్చోవడం, భోజనం చేయడం వంటి విషయాలను వివరించిన ఆ పండితుడు, బాహ్య మర్యాద తత్త్వశాస్త్రంలో అతి స్థూలమైన భాగమని ఒప్పుకుంటూనే దాన్ని బోధించడానికి వెనుకాడలేదు. ఇతరుల తప్పులను సులువుగా మన్నించడమే మర్యాదలో పెద్ద భాగమని గ్రంథం చివర తేల్చాడు. తెలుగులో ‘మన్నన’ అన్న మాట చెప్పేదీ అదే. 1939లో నార్బర్ట్ ఎలియాస్ ఈ గ్రంథాన్ని విస్తారంగా విశ్లేషించి, నాగరికతగా మనం భావించే అలవాట్లు చారిత్రకంగా ఏర్పడినవని నిరూపించే ప్రయత్నం చేశాడు. మర్యాద సహజం కాదు, నేర్చినదే అన్నది ఆ చర్చలో తేలే అంశం. కనుక ‘నేర్పకూడదు’ అన్న వాదానికి బలం తక్కువ. నేటి తరగతి సభ్యత దగ్గర ఆగుతుందా, మన్నన వరకు వెళుతుందా అన్నదే పరిశీలించవలసిన విషయం.

3. ఉపదేశ పద్ధతి

తెలుగునాట బాలలకు నడవడి నేర్పిన తొలి పాఠ్యాలు నీతిశతకాలు. బద్దెన రచనగా ప్రసిద్ధమైన సుమతీ శతకం, ఆ తర్వాతి కుమార, కుమారీ శతకాలు కందపద్యాల్లో, సంబోధనే మకుటంగా నడుస్తాయి. కంఠస్థం చేయడానికి అనువైన చిన్న పద్యం, పేరు పెట్టి పిలిచినట్లుండే మకుటం వీటి బలం. అర్థం అప్పటికి పూర్తిగా తెలియకపోయినా, పద్యం జీవితాంతం వెంట ఉండి అవసరమైన నాడు గుర్తుకు వస్తుంది.

వీటికి పరిమితులు కూడా ఉన్నాయి. కుమారునికి గురుభక్తి, సత్సాంగత్యం, లోకవ్యవహారం చెప్పిన సంప్రదాయం కుమారికి ప్రధానంగా అత్తవారింటి నడవడిని చెప్పింది. ఒకే వయసు పిల్లలకు మర్యాద పేరుతో రెండు వేర్వేరు లోకాలను నిర్దేశించింది. సుమతీ శతకంలోనూ స్త్రీల గురించి నేటి తరగతిలో చెప్పలేని పద్యాలున్నాయి. పాఠ్యపుస్తకాలు పద్యాలను ఏరి తీసుకోవడంలోనే ఆ గుర్తింపు ఉంది. ఉపదేశానికి ప్రశ్నించే శ్రోత ఉండడు, సంబోధితుడు మాత్రమే ఉంటాడు. ‘ఎందుకు’ అని అడగడమే స్వభావమైన కౌమారంలో ఈ లోటు ప్రస్ఫుటమవుతుంది.

4. విష్ణుశర్మ తరగతి

పరవస్తు చిన్నయసూరి నీతిచంద్రిక (1853) కథాప్రారంభమే ఒక ప్రత్యేక తరగతి ఏర్పాటు. పాటలీపుత్రాన్ని ఏలే సుదర్శనుడు దారి తప్పుతున్న కొడుకుల గురించి కలత చెంది పండితులను పిలిపిస్తాడు. విష్ణుశర్మ ఆరు మాసాల గడువుతో ఆ బాధ్యత స్వీకరిస్తాడు. గడువు, గురువు, నిర్ణీత విద్యార్థులు, ఆశించిన ఫలితం అన్నీ ఉన్న ఈ ఏర్పాటును నియత బోధన అనడానికి సందేహించనక్కరలేదు. తండ్రి చేయలేని పనిని గురువుకు అప్పగించడం మన సంప్రదాయానికి కొత్త కాదని దీనివల్ల స్పష్టమవుతుంది.

ఆ గురువు నియమాల పట్టిక ఇవ్వలేదు, కథ చెప్పాడు. మిత్రలాభంలో లఘుపతనకమనే కాకి హిరణ్యకమనే ఎలుకతో స్నేహం కోరుతుంది. తినేదానికీ తినబడేదానికీ మైత్రి ఎలా కుదురుతుందని ఎలుక నిలదీస్తుంది. బలహీనుడు బలవంతుని మంచిమాటను సందేహించడం అమర్యాద కాదని ఆ సంవాదం తెలియజేస్తుంది. జరద్గవమనే ముసలి గద్ద ఆశ్రయం ఇచ్చిన దీర్ఘకర్ణమనే పిల్లి కథ మరింత సూటిగా ఉంటుంది. ఆ పిల్లి పలకరింపులో లోపం లేదు, అది చెప్పే ధర్మవచనాల్లో తప్పు లేదు. ఆ మర్యాద చాటునే అది పక్షిపిల్లలను తినేస్తుంది. నేరం గద్ద మీద పడి దాని ప్రాణం పోతుంది. చక్కని మర్యాద వంచనకు సాధనం కాగలదని మర్యాద నేర్చుకునే పిల్లలకే చెప్పిన బోధన ఇది. నేటి తరగతుల్లో కొరవడిన పాఠం కూడా ఇదే.

5. గిరీశం తరగతి

కన్యాశుల్కంలోని వెంకటేశం సరిగ్గా మన చర్చకు తగిన వయసువాడు. పరీక్ష తప్పిన ఆ కుర్రవాడికి సెలవుల్లో చదువు చెప్పే నెపంతో గిరీశం కృష్ణరాయపురం అగ్రహారం చేరతాడు. తనతో మాట్లాడడమే ఒక విద్య అన్నది అతని ధీమా. అతడు శిష్యుడికి నేర్పేది చుట్ట కాల్చడంలోని మజా, వాదనలో నెగ్గే ఒడుపు, పెద్దల ముందు ప్రదర్శన. కొడుకు ఇంగ్లీషు మాట్లాడితే వినాలని తల్లి ముచ్చటపడితే, గురుశిష్యులిద్దరూ బడిలో వల్లించిన పొంతనలేని ఇంగ్లీషు ముక్కలనే సంభాషణలా దొర్లిస్తారు. తల్లి మురిసిపోతుంది.

ఈ హాస్యసన్నివేశం వెనుక ఒక విమర్శ ఉంది. అర్థం తెలియని ప్రేక్షకులు, అర్థం అవసరం లేని ప్రదర్శన, ఆ రెండింటి మధ్య సంతృప్తి చెందిన కుటుంబం. శిబిరం చివరి రోజున తల్లిదండ్రుల ముందు పిల్లలచేత కరచాలనాలు, పరిచయవాక్యాలు ప్రదర్శింపజేసే తరగతి ఈ సన్నివేశాన్ని గుర్తుకు తెస్తుంది. నేర్చినది ఎవరికి పనికివస్తుందన్న ప్రశ్న లేనప్పుడు తరగతి గిరీశం పద్ధతిలోకి జారుతుంది. దీర్ఘకర్ణాన్ని విష్ణుశర్మ హెచ్చరికగా చూపాడు. వెంకటేశానికి మాత్రం అటువంటివాడే గురువయ్యాడు.

6. రాముడి వీపు

మర్యాదను పరీక్షించవలసింది ఎక్కడ? దీనికి గురజాడే మరోచోట సమాధానం ఇచ్చారు. దిద్దుబాటు (1910) కథలో గోపాలరావు చదువుకున్నవాడు, స్త్రీవిద్యను సమర్థించేవాడు. సభలో అతని సభ్యతకు వంక పెట్టలేం. అర్ధరాత్రి దాటాక ఇల్లు చేరి, భార్య కనిపించకపోయేసరికి ఆ కోపమంతా నౌకరు రాముడి వీపు మీద గుద్దులై పడుతుంది. వెంటనే పశ్చాత్తాపపడి అతన్ని లేవదీస్తాడు. కథకు కేంద్రం భార్యాభర్తల సంబంధమే అయినా, చదువు ఎంతవరకు ఇంకిందో చూపడానికి రచయిత ఎంచుకున్న చోటు నౌకరు వీపు. భార్య కమలిని అతన్ని దిద్దడానికి ఎంచుకున్న సాధనం ఉపన్యాసం కాదు, ఒక ఉత్తరం.

తెలుగులో ఈ పరీక్షకు భాషే ఒక వేదిక. నువ్వు, మీరు, తమరు. వాడు, అతను, ఆయన. అది, ఆమె, ఆవిడ. మన వ్యాకరణంలోనే అంతస్తుల నిచ్చెన ఉంది. డెబ్బయ్యేళ్ళ పాలేరును పదమూడేళ్ళ ఆసామి కొడుకు ‘ఒరేయ్’ అని పిలవడం ఊళ్ళలో చాలాకాలం అమర్యాదగా లెక్కకు రాలేదు. నిజానికి అదే అక్కడి మర్యాద, అంటే హద్దు. అందుచేత హద్దును పాటించడమే మర్యాద అయినప్పుడు, అది కులాంతరాన్నీ వర్గాంతరాన్నీ కాపాడే పని కూడా చేయగలదు. ముఖ్య అతిథికి వంగి నమస్కరించడం నేర్చిన విద్యార్థి బడి ఊడ్చే ఆయాను, బస్సు డ్రైవరును ఏ సర్వనామంతో పిలుస్తున్నాడన్నది తరగతి అడగవలసిన మొదటి ప్రశ్న. పై అధికారి పట్ల మర్యాద స్వార్థం కూడా నేర్పగలదు. ప్రతిఫలం ఇవ్వలేనివారి పట్ల మన్ననను మాత్రం ప్రత్యేకించి నేర్పవలసిందే.

7. తొలితరం విద్యార్థి వైపు నుంచి

ఇంతవరకు చేసిన విమర్శను బట్టి తరగతులే అనవసరమని తేల్చడం తొందరపాటు అవుతుంది. ‘మర్యాద ఇంట్లో నేర్చుకోవాలి’ అనే మాట ఆ ఇంటికి కార్యాలయపు, కళాశాలా సభల రీతి ముందే తెలుసునని ఊహిస్తుంది. తొలిసారి కళాశాల గడప తొక్కిన కుటుంబానికి ఆ అవకాశం లేదు. ఇంటి నుంచి సంక్రమించే ఇటువంటి నడవడిని పియరీ బోర్ద్యూ సాంస్కృతిక పెట్టుబడిగా గుర్తించాడు. దాన్ని ఎవరూ చెప్పరు, కాని దాన్ని బట్టే అందరూ అంచనా వేస్తారు. ముఖాముఖి గదిలో ఎప్పుడు కూర్చోవాలో తెలియక తడబడిన విద్యార్థి తెలివితక్కువవాడుగా లెక్కకు రావడం అన్యాయం. చెప్పని నియమాన్ని బాహాటంగా చెప్పడమే ఆ అన్యాయానికి విరుగుడు. తల్లిదండ్రులనూ దేశాన్నీ ఎవరూ ఎంచుకోలేరు గాని నడవడిని ఎవరికి వారే తీర్చిదిద్దుకోగలరని ఎరాస్మస్ చెప్పిన మాటకు ఈ సందర్భంలో బలం ఉంది.

అయితే చెప్పే తీరు ముఖ్యం. ఫోర్కు పట్టడం నేర్పేటప్పుడు, చేత్తో తినడం అనాగరికమన్న ధ్వని రాకూడదు. కుడిచేత్తోనే తినడం, ఎంగిలి చేత్తో వడ్డించకపోవడం, సెలవు తీసుకునేటప్పుడు ‘వెళ్తాను’ అనక ‘వెళ్ళొస్తాను’ అనడం కూడా సూక్ష్మమైన మర్యాదలే. కొత్త పద్ధతిని మరొక భాషలా నేర్పాలి. ఆ భాష వస్తే మరో తలుపు తెరుచుకుంటుంది. ఇంటి భాష తప్పు అనిపించే తరగతి మాత్రం పిల్లవాణ్ణి తల్లి ముందు సిగ్గుపడేలా చేస్తుంది. మర్యాద నేర్పబోయి అంతకంటె పెద్ద అమర్యాదను నేర్పినట్లవుతుంది.

8. ముగింపు

పై పరిశీలనను బట్టి కౌమార దశలో సభ్యతా బోధన ప్రయోజనకరమే, కాని మూడు షరతులతో. మొదటిది, నియమంతోపాటు దాని కారణాన్నీ చర్చకు పెట్టాలి. విష్ణుశర్మ కథలు అందుకు సిద్ధంగా ఉన్న పాఠ్యసామగ్రి. తెలుగు అధ్యాపకులు వాటిని ఉపయోగించుకోవచ్చు. రెండవది, బాలబాలికలకు ఒకే పాఠం ఉండాలి. కుమార, కుమారీ శతకాల విభజన తరగతి గదిలో కొత్త రూపంలో పునరావృతం కాకూడదు. మూడవది, మూల్యాంకనం తల్లిదండ్రుల ముందు ప్రదర్శనతో కాక, విద్యార్థి తనకు ఏ మేలూ చేయలేని మనిషితో మాట్లాడే తీరుతో జరగాలి.

శతకం నియమాన్ని ఇచ్చింది, నీతిచంద్రిక వివేకాన్ని ఇచ్చింది, కన్యాశుల్కం నకిలీని పట్టి చూపింది. దిద్దుబాటు మాత్రం కొలత ఎక్కడ వేయాలో చెప్పింది. రాముడి వంటి కుర్రవాడు ఇవాళ అదే తరగతిలో ముందు బెంచీ మీద కూర్చుని ఉండవచ్చు. అతనికి అక్కడ సభ్యత ఎంత అవసరమో, అతని పక్కన కూర్చున్నవారికి మన్నన అంతే అవసరం. ఆ రెండింటినీ ఒకే గదిలో నేర్పగలిగినప్పుడే మర్యాదల తరగతి తన పేరుకు తగినదవుతుంది.