రైలుబడిని వెతికిన తల్లి

తెలుగులో ‘రైలుబడి’గా వచ్చిన తెత్సుకో కురోయనాగి పుస్తకం గురించి మాట్లాడేవాళ్లంతా హెడ్మాస్టరు కొబయాషినే తలుచుకుంటారు. పాత రైలుపెట్టెల్లో తరగతులు పెట్టినవాడు, కొత్తగా వచ్చిన చిన్నపిల్ల కబుర్లు పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా విసుక్కోకుండా విన్నవాడు. తలుచుకోవలసినవాడే. కానీ ఆ పిల్లను అక్కడికి తెచ్చిందెవరు? మొదటి బడి తమవల్ల కాదని పంపేస్తే, తల్లి కూతుర్ని దండించలేదు. ఆ అల్లరికి చోటున్న బడిని వెతికింది. బడి నుంచి తీసేసిన సంగతి కూతురికి ఇరవయ్యేళ్లు నిండేదాకా చెప్పలేదు. మాష్టారు చేస్తే విద్యాసిద్ధాంతం, తల్లి చేస్తే మమకారం అనుకునే అలవాటువల్లే ఈ పని మన విమర్శకుల కంటికి ఆనలేదు.

1981లో జపానులో అచ్చయిన ఈ పుస్తకాన్ని కడప జిల్లా చక్రాయపేట నుంచి చదివితే మరో ప్రశ్న పుడుతుంది. ‘ఆడపిల్లకు ఊరి బడి చాల్లే, పిల్లోణ్ణి కాన్వెంట్లో వేద్దాం’ అనే మాట మా వైపు కొత్తది కాదు. కడపతో సహా ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని కొన్ని జిల్లాల్లో 2002 నుంచి దాదాపు 3,000 మంది పిల్లల జీవితాలను గమనించిన ‘యంగ్ లైవ్స్’ అధ్యయనం కూడా ఇదే చెప్పింది. ప్రైవేటు బడికెళ్లే ఎనిమిదేళ్ల పిల్లలు 2002లో 24 శాతం, 2009లో 44 శాతం. దాంతోపాటే ఆడా మగా తేడా కూడా పెరిగింది.

2020లో మొదలైన ‘అమ్మ ఒడి’ ఎంతమంది పిల్లలున్నా తల్లికి ఒక్క మొత్తమే ఇచ్చింది. 2025లో ‘తల్లికి వందనం’ బడికెళ్లే ప్రతి బిడ్డకూ వర్తించింది. మంచి మార్పే. పథకం పేరులో తల్లి ఉంది, బ్యాంకు ఖాతాలో తల్లి ఉంది. ఏ బిడ్డ ఏ బడికి అని తేల్చే చోట ఉందా? బడి ఎంపిక ఇంటాయనది, అత్తమామలది. మార్కులు తగ్గితే తప్పు మాత్రం ఆమెది.

తోత్తోచాన్ తల్లిని అందరికీ ఆదర్శంగా చూపడం కూడా నాకు ఒప్పుదల కాదు. ఆమెది టోక్యో నగరం, భర్త వయొలిన్ కళాకారుడు. బడులు చూసి రావడానికి ఆమెకు వీలు చిక్కింది. పొద్దున్నే కలుపు తీయడానికి పోయే తల్లికి ఒక పూట బడి చూసి రావడమంటే ఆ పూట కూలి పోవడమే. ఆ కూలి పోకుండా, కూతుర్ని వెంటబెట్టుకుని పోయి, ‘నా బిడ్డ ఇట్లాంటిది, మీ బడిలో ఇముడుతుందా’ అని అడగగలిగిన రోజున ఈ పుస్తకం మన ఊరికి వచ్చినట్టు.